బందిపోటు ఒంటిమీద గ్లాస్ ఆర్మర్: ఆబ్లివియన్ పోరాటాల్లో బ్యాలెన్స్ ఎక్కడ తప్పింది

(గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ వేళ నన్ను మాట్లాడమన్న అంశం ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేముల్లో పోరాటాల బ్యాలెన్స్, అంటే ఆటగాడి బలానికీ శత్రువు బలానికీ సరైన పొత్తు కుదరడం. అంశం చాలా పెద్దది. ఉన్న గంటలో పది గేముల పేర్లు చెప్పి వెళ్ళిపోతే మీకు ఒరిగేదేమీ ఉండదు. అందుకని ఒక్క గేమునే గట్టిగా పట్టుకుంటాను. 2006 మార్చిలో బెథెస్డా విడుదల చేసిన 'ది ఎల్డర్ స్క్రోల్స్ 4: ఆబ్లివియన్'. అవసరమైన చోట దాని ముందు వచ్చిన మారోవిండ్, తర్వాత వచ్చిన స్కైరిమ్ సంగతి కూడా ఎత్తుతాను. ఆబ్లివియన్ అంటే నాకు ప్రాణం. ఇంత ఇష్టమైన గేములో ఇంత పెద్ద లోపం ఎలా చోటు చేసుకుందో అర్థం చేసుకోవాలన్న తపనే నన్ను ఈ వైపు లాక్కొచ్చింది.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మీరు చెరసాలలో ఉంటారు. చక్రవర్తి మీ గది గుండా తప్పించుకుంటూ వెళ్తాడు, హంతకుల చేతిలో చనిపోతాడు, చనిపోయే ముందు మీ చేతిలో ఒక హారం పెడతాడు. మీరు మురుగు కాలువలోంచి బయటికొస్తారు. ఎదురుగా సరస్సు, అవతలి ఒడ్డున విల్వెరిన్ అనే పాడుబడ్డ కట్టడం, దాని ముందు బందిపోట్ల గుడారం, చుట్టూ కొండలు. అక్కడినుంచి ఏ దిక్కుకైనా వెళ్ళొచ్చు. 'ముందు ఇటే వెళ్ళు' అని ఎవరూ మిమ్మల్ని ఆపరు. ఆ క్షణంలో గుండె తేలికవుతుంది. ఆ స్వేచ్ఛ కోసమే లక్షలమంది ఆ గేము ఆడారు. బ్యాలెన్స్ సమస్య పుట్టింది కూడా ఆ స్వేచ్ఛలోంచే.

ఎలాగంటారా? ఏ దిక్కుకైనా వెళ్ళే వీలుంటే, ఏ గుహలోకి ఆటగాడు ఎప్పుడు అడుగు పెడతాడో డిజైనర్‌కి తెలీదు. అదే గుహకి ఒకరు మొదటి గంటలో వస్తారు, ఇంకొకరు యాభయ్యో గంటలో వస్తారు. ఇద్దరికీ అక్కడ సరైన పోటీ దొరకాలి. 2002లో వచ్చిన మారోవిండ్‌లో చాలామంది శత్రువుల్ని చేత్తో ఒక్కో చోట పెట్టారు. తప్పు దారిన పోతే చావు ఖాయం. ఇంకోవైపు, కాస్త బలపడిన ఆటగాడికి గేము చివరి సగం నల్లేరు మీద నడకే. పైగా తెలివిని, అంటే ఇంటెలిజెన్స్‌ని, పెంచే పోషన్ అనే మంత్రపు మందు తయారుచేసి తాగి, పెరిగిన ఇంటెలిజెన్స్‌తో ఇంకా ఘాటైన పోషన్ తయారుచేసి, అలా తిప్పుకుంటూ పోతే అంకెలకి హద్దే ఉండదు. ఇవన్నీ చూసిన డిజైనర్లు ఆబ్లివియన్‌లో ప్రపంచాన్నే ఆటగాడి లెవెల్‌తో ముడిపెట్టారు. దీన్నే లెవెల్ స్కేలింగ్ అంటాం. వాళ్ళ ఉద్దేశంలో నాకు తప్పేమీ కనబడదు. ఇలాంటి గేము తీస్తే మీరూ నేనూ కూడా మొదట ఆ ఆలోచనే చేస్తాం.

ఇంకో మార్పు కూడా జరిగింది. దాని గురించి జనం అంతగా మాట్లాడరు కానీ నా దృష్టిలో అది చాలా కీలకం. మారోవిండ్‌లో కత్తి ఎదుటివాడి ఒంటికి తగిలినట్టు కళ్ళకి కనిపించినా, లోపల పాచికలు పడేవి. మీ నైపుణ్యం తక్కువైతే, లేదా పరుగెత్తి పరుగెత్తి అలసిపోయి ఉంటే, దెబ్బ తగలనట్టే లెక్క. కొత్తవాళ్ళకి ఇది పరమ చిరాకు. ఆబ్లివియన్‌లో దాన్ని తీసేశారు. కత్తి తగిలితే తగిలినట్టే. చేతికి ఎంతో హాయిగా అనిపించింది. కానీ పాచికలు పోవడంతో కత్తిసాము నేర్చినవాడికీ నేర్వనివాడికీ తేడా చూపించే పెద్ద చోటు ఒకటి పోయింది. కొత్త విన్యాసాలు కొన్ని ఇచ్చినా, ఆ భారం దాదాపు అంతా డ్యామేజ్ అంకె మీద పడింది. మీ డ్యామేజ్ పెరుగుతుంది, దానికి తగ్గట్టు శత్రువు హెల్త్ పెరుగుతుంది. అంటే పోరాటం మారేది తీరులో కాదు, నిడివిలో. ఈ మాట గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్ళీ పని పడుతుంది.

ఇప్పుడు అసలు యంత్రం లోపలికి వెళ్దాం. ఆబ్లివియన్‌లో 21 నైపుణ్యాలున్నాయి. అందులో ఏడింటిని మీ పాత్రకి ముఖ్యమైనవిగా ఎంచుకుంటారు, వాటినే మేజర్ స్కిల్స్ అంటారు. ఆ ఏడూ కలిపి పదిసార్లు పెరిగితే, ఎక్కడైనా మంచం చూసుకుని పడుకోగానే ఒక లెవెల్ పెరుగుతుంది. చుట్టూ ఉన్న ప్రపంచం ఆ లెవెల్ అంకెని చూసి, మీకెవర్ని ఎదురు పంపాలో తేలుస్తుంది. గేము మొత్తం నిలబడింది ఈ ఒక్క అంకె మీదే. మరి ఆ అంకె కొలుస్తున్నది దేన్ని? మీ ఏడు నైపుణ్యాల్ని ఎంత వాడారో దాన్ని. మీరు ఎంత బలంగా కొట్టగలరు, ఎన్ని దెబ్బలు ఓర్చుకోగలరు అన్నది ఆ లెక్కలో లేనే లేదు.

దగ్గరగా చూద్దాం. ఇద్దరు ఆటగాళ్ళు ఉన్నారనుకోండి. మొదటివాడు కత్తి, డాలు, బరువైన కవచం, ఆయుధాల మరమ్మతు ఎంచుకున్నాడు. రెండోవాడికి మాటకారి దొంగ పాత్ర ఇష్టం. బేరాలాడటం, మాటలతో మనసు గెలవడం, తాళాలు తీయడం, పరుగు, గెంతడం ఎంచుకున్నాడు. ఈ రెండోవాడు ఊళ్ళో షాపుల్లో పాత సామాన్లు ఒక్కొక్కటిగా అమ్ముకుంటాడు, దారిపొడుగునా గెంతుతూ వెళ్తాడు, బిచ్చగాడి దగ్గర్నుంచి దొరగారి దాకా అందర్నీ కబుర్లతో బుట్టలో వేసుకుంటాడు. పాత్రకి తగ్గట్టే ఆడుతున్నాడు, ఎంతో బాగా ఆడుతున్నాడు. పడుకుని లేచేసరికి లెవెల్ పెరుగుతోంది. అలా 15 దాటింది. కత్తి పట్టడం మొదటిరోజు ఎంత వచ్చో ఇప్పుడూ అంతే. కానీ బయట అడవిలో తోడేళ్ళు ఉన్న చోటికి ఎద్దు తల ఉండే మినోటార్లు దిగాయి. గోబ్లిన్లనే పొట్టి రాక్షసుల గుహల్లో చిల్లర గోబ్లిన్లు పోయి వార్‌లార్డ్‌లనే నాయకులు వచ్చే వేళైంది. ఒక పిల్లాడికి ఎంత చదువు వచ్చిందో చూడకుండా, ఎన్ని నోటుబుక్కులు నింపాడో లెక్కపెట్టి దాన్ని బట్టి ప్రశ్నపత్రం కఠినం చేస్తే ఎలా ఉంటుందో, సరిగ్గా అలా ఉంది ఈ వ్యవస్థ.

మొదటివాడి పరిస్థితైనా బాగుందా అంటే, అదీ సగమే. లెవెల్ పెరిగినప్పుడు ఎనిమిది గుణాల్లో మూడింటిని పెంచుకోవచ్చు. బలం, ఓర్పు, చురుకుదనం లాంటివి. ఒక్కో గుణం కింద మూడేసి నైపుణ్యాలుంటాయి, అదృష్టం కింద మాత్రం ఏమీ ఉండవు. ఆ లెవెల్‌లో ఆ గుణం కింది నైపుణ్యాలు మొత్తం పదిసార్లు పెరిగి ఉంటే గుణానికి ఐదు పాయింట్లు వస్తాయి. ఒకటి నుంచి నాలుగుసార్లే పెరిగితే రెండే. అసలు పెరగకపోతే ఒకటి. ఇక ఓర్పు సంగతి, అదే ఎండ్యూరెన్స్. ప్రతి లెవెల్‌కీ మీ ఎండ్యూరెన్స్‌లో పదో వంతు హెల్త్ కలుస్తుంది. ఎండ్యూరెన్స్ 40 ఉంటే నాలుగు పాయింట్లు, 100 ఉంటే పది. పోయిన లెవెల్స్‌లో తక్కువ వచ్చింది కదా అని తర్వాత ఎండ్యూరెన్స్ పెంచినా, ఆ పాత బాకీ తిరిగి రాదు. ఒక్కో లెవెల్‌కి ఆరు పాయింట్ల తేడా అంటే, ఇరవై లెవెల్స్‌కి 120 పాయింట్లు. ఈ విషయం గేములో మీకు ఎవరూ నోరు విప్పి చెప్పరు. మొదటి పది లెవెల్స్ సరదాగా ఆడేసిన మనిషి, ఇరవయ్యో లెవెల్‌లో దాని ఫలితం అనుభవిస్తాడు. ఎందుకు ఓడిపోతున్నాడో కూడా అతనికి తెలీదు.

తెలిసినవాళ్ళు ఏం చేశారు? కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని ఆడారు. ఈ లెవెల్‌లో బ్లేడ్ అనే కత్తి నైపుణ్యం ఎన్నిసార్లు పెరిగింది, బ్లాక్ అనే డాలు నైపుణ్యం ఎన్నిసార్లు పెరిగింది అని గీతలు గీసుకున్నారు. ఒడ్డున ఒక పీత దొరికితే దాన్ని చంపకుండా, డాలు అడ్డం పెట్టి దానిచేత కొట్టించుకుంటూ నిలబడ్డారు. ఇంకో అడుగు ముందుకేసి, తాము అసలు వాడబోని నైపుణ్యాల్నే మేజర్‌గా ఎంచుకున్నారు. అంటే ఖడ్గవీరుడు కావాలనుకున్నవాడు కత్తిని మేజర్‌లో పెట్టకూడదు, అప్పుడే లెవెల్ తన చేతిలో ఉంటుంది. ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. రోల్‌ప్లేయింగ్ అంటే పాత్రలో ఒదిగిపోవడం కదా. పాత్రలో ఒదిగిపోయినవాడికి శిక్ష, పాత్రని పక్కనపెట్టి లెక్కలు వేసినవాడికి బహుమతి! ఈ గేము జరిగే సిరోడిల్ దేశంలో అంత అందమైన అడవులుంటే, మంచి ఆటగాళ్ళు ఒక పీత ముందు నిలబడి గీతలు గీసుకోవాల్సి రావడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

ఇక బందిపోటు దగ్గరికి వద్దాం. ఆబ్లివియన్‌లో రోడ్డు పక్కన దారిదోపిడీగాళ్ళు ఉంటారు. పిల్లి ముఖం ఉండే ఖజీట్ జాతివాళ్ళు ఎక్కువ. ఎదురొచ్చి వంద బంగారు నాణేలు ఇస్తావా, ప్రాణం తీయమంటావా అని అడుగుతారు. మొదట్లో ఒంటిమీద ఏదో నాసిరకం తోలు బట్ట ఉంటుంది. మీరు 20 దాటి తిరిగొచ్చేసరికి అదే రోడ్డు మీద, అదే వంద నాణేల కోసం, మరో దొంగ గ్లాస్ ఆర్మర్ వేసుకుని నిలబడి ఉంటాడు. పచ్చగా మెరిసే, ఆ ప్రపంచంలోని అత్యంత ఖరీదైన కవచాల్లో ఒకటి. మారాడర్లనే ఇంకో దొంగల గుంపు డేడ్రిక్ కవచం వేసుకుంటుంది. మారోవిండ్‌లో డేడ్రిక్ కవచం ముక్క ఒకటి దొరికితే ఆ రోజంతా పండగే. ఇక్కడ గుహ గుహకీ గుట్టలు. మోయలేక వదిలేసి వస్తాం.

ఇందులో కథకి కుదరని విషయం అందరికీ కనిపిస్తుంది. పోరాటానికి జరిగే నష్టం మాత్రం అంత తొందరగా కనబడదు. శత్రువుని దూరం నుంచి చూడగానే మనసులో ఒక అంచనా వేసుకుంటాం. వీడు చిల్లర దొంగ, దూసుకెళ్ళొచ్చు. వాడు ఉక్కు కవచం వేసుకున్నాడు, జాగ్రత్త. ఆ అంచనాలోంచే ఎత్తుగడ పుడుతుంది. ఎవరైనా సరే నా అంత బలంగానే ఉంటారు అని ఒకసారి తెలిశాక ఇక చూడటం మానేస్తాం. కళ్ళు చేసే పని ఆగిపోతే పోరాటంలో సగం ఆనందం అక్కడే పోతుంది.

పైకప్పు సమస్య ఇంకొకటి ఉంది. ఆటగాడి నైపుణ్యానికి హద్దు 100. బలానికి హద్దు 100. రెండూ నిండాక, మంచి కత్తి దొరికాక, మీ దెబ్బ ఇక పెద్దగా పెరగదు. కానీ కొన్ని శత్రువుల హెల్త్ మీ లెవెల్‌తో పాటు అలా పెరుగుతూనే ఉంటుంది, దానికి హద్దు పెట్టలేదు. గోబ్లిన్ వార్‌లార్డ్, ఓగర్ అనే భారీ రాక్షసి అలాంటివే. ముప్పయ్యో లెవెల్‌లో గోబ్లిన్ వార్‌లార్డ్‌తో పోరాటం ఎలా ఉంటుందో చెప్తాను. నాలుగు దెబ్బలు కొడతారు. డాలు అడ్డం పెడతారు. ఇంకో నాలుగు కొడతారు. దాని ఎర్ర గీత కొంచెం జరిగినట్టు అనిపిస్తుంది. ఈలోగా మంత్రించిన కత్తిలో శక్తి అయిపోతుంది. కత్తి అరిగి పదును తగ్గుతుంది, పదును తగ్గితే డ్యామేజ్ తగ్గుతుంది. మరమ్మతు సుత్తి చివరిది కూడా విరిగిపోయి ఉంటుంది. మీరు చేస్తున్నది మొదటి నిమిషంలో ఏదో, ఐదో నిమిషంలోనూ అదే. నిడివి అని ఇందాక అన్నది ఇదే. శత్రువు కొత్తగా ఏమీ చేయడు, మీచేత కొత్తగా ఏమీ చేయించడు. ఆటగాళ్ళు ఇలాంటి శత్రువుని స్పాంజ్ అంటారు. ఎన్ని దెబ్బలైనా పీల్చుకుంటుంది కాబట్టి.

కథకి తగిలిన దెబ్బకి క్వాచ్ ఒక్కటి చాలు. ప్రధాన కథలో మొదట్లోనే వచ్చే ఊరు అది. ఆబ్లివియన్ అనే పిశాచాల లోకపు ద్వారం తెరుచుకుని ఊరు తగలబడిపోతుంది, బతికినవాళ్ళు కొండ కింద గుడారాల్లో ఏడుస్తుంటారు. మీరు ద్వారంలోకి వెళ్ళి దాన్ని మూయాలి, తర్వాత ఊరిని తిరిగి గెలవాలి. తక్కువ లెవెల్‌లో వెళ్తే ఎదురయ్యేవి ఎక్కువగా స్కాంప్‌లు, నిప్పు విసిరే చిన్న పిశాచాలు. గట్టి పోటీ, గొప్ప ఘట్టం. కానీ గేము 'ఎక్కడికైనా వెళ్ళు' అంది కదా, మీరు మిగతా ఊళ్ళన్నీ తిరిగి, గిల్డులనే సంఘాల పనులన్నీ చేసి, పాతికో లెవెల్‌లో అక్కడికి వెళ్ళారనుకోండి. అప్పుడు డేడ్రాత్‌లు, స్పైడర్ డేడ్రాలు, జివిలాయ్‌లు, అన్నీ ఆ లోకపు బలమైన పిశాచాలే. వీరుడిగా పేరు తెచ్చుకున్న మనిషికి మొదటి అధ్యాయం నరకంగా మారుతుంది. అందుకే పాత ఆటగాళ్ళు కొత్తవాళ్ళకిచ్చే మొదటి సలహా ఇప్పటికీ ఒకటే: 'క్వాచ్ తొందరగా ముగించు.' ఇంకో పక్క, పడుకోకుండా లెవెల్ పెంచుకోకుండా, ఒకటో లెవెల్‌లోనే ప్రధాన కథంతా పూర్తిచేసినవాళ్ళున్నారు. ఎదగకపోవడమే అన్నిటికన్నా సులువైన మార్గం అయిన గేములో, ఎదుగుదల అన్న మాటకి విలువ ఎక్కడుంటుంది?

అంతా విని, 'కష్టంగా ఉంటే స్లైడర్ ఉంది కదా' అని కొందరంటారు. ఉంది. కష్టాన్ని తగ్గించే, పెంచే ఒక గీత. మధ్యలో ఉంటే మామూలు. పూర్తిగా కుడికి జరిపితే మీకు తగిలే దెబ్బ ఆరు రెట్లు, మీరు కొట్టే దెబ్బ ఆరో వంతు. రెండూ కలిపి చూడండి, ఒక్క చేతి కదలికతో పోరాటం ముప్పై ఆరు రెట్లు మారిపోతుంది. ఎడమకి జరిపితే అంతే మేర సులువవుతుంది. మధ్యలో కాస్త జరిపినా తేడా చాలా పెద్దది. శత్రువు మెదడులో మాత్రం ఏ మార్పూ ఉండదు. పైగా ఈ లెక్క మీకూ శత్రువుకీ మధ్యే పనిచేస్తుంది. మీరు మంత్రంతో పిలిచిన జీవి కొట్టే దెబ్బకి ఇది వర్తించదు. దాంతో స్లైడర్‌ని కుడికి జరిపిన ప్రతివాడూ చివరికి కంజ్యూరర్ అవుతాడు. తాను వెనక నిలబడి, పిలిచిన డేడ్రాచేత పని కానిస్తాడు. గేము కష్టం కావాలని అడిగాం, అది మన పాత్రనే మార్చేసింది.

(సభలోంచి ఒక విద్యార్థి: సార్, ఆబ్లివియన్‌లో కమీలియన్ వంద శాతం చేసుకుంటే అసలు ఎవరూ మనల్ని చూడరు కదా. బ్యాలెన్స్ తప్పిందంటే ముందు అదే చెప్పాలేమో?)

మంచి ప్రశ్న. మిగతావాళ్ళకి చెప్తాను. గ్రాండ్ సోల్ జెమ్ అనే మంత్రపు రాయితో ఒక వస్తువుకి ఇరవై శాతం కమీలియన్ మంత్రం పట్టించొచ్చు. అలాంటివి ఐదు వేసుకుంటే వంద శాతం. ఇక మీరు ఎదురుగా నిలబడి కొడుతున్నా శత్రువుకి కనబడరు. పోరాటం అన్నదే ఉండదు. ఇది పెద్ద కన్నమే, నేను కాదనను. అయినా నా లెక్కలో దీని స్థానం కింద. ఎందుకంటే ఇది మీరు వెతుక్కుంటూ వెళ్తే దొరుకుతుంది. రాళ్ళు సంపాదించాలి, మంత్రం పట్టించాలి, ఐదూ ఒకేసారి వేసుకోవాలి. వద్దనుకుంటే వేసుకోరు, గేము మీ జోలికి రాదు. లెవెల్ స్కేలింగ్ అలా కాదు. మీరు ఏమీ అడక్కుండానే, మామూలుగా ఆడుతుంటేనే వచ్చి మీద పడుతుంది. ఒంటరిగా ఆడే గేములో నేను ముందు బాగు చేసేది ఆటగాడు తప్పించుకోలేని లోపాన్ని. ఆటగాడు కావాలని తవ్వుకునే కన్నం తర్వాత చూసుకోవచ్చు. పదిమంది కలిసి ఆడే ఆన్‌లైన్ గేములో ఈ వరస తలకిందులవుతుంది. అక్కడ ఒకడు తవ్విన కన్నం మిగతా తొమ్మిదిమందికీ నష్టం.

ఈ రెండిటి మధ్యలో మూడో రకం ఉంది. దానికి స్కైరిమ్‌ని మించిన ఉదాహరణ లేదు. 2011 నవంబర్‌లో వచ్చింది. అందులో ఎవరు ఏ పాత్ర మొదలుపెట్టినా చివరికి నక్కి నక్కి బాణాలు వేసేవాడే అవుతాడని ఆటగాళ్ళంతా చెప్పుకుంటారు. కారణం లెక్కలో ఉంది. నక్కి ఉండి వేసిన బాణానికి రెట్టింపు డ్యామేజ్, పర్క్ అనే అదనపు సామర్థ్యం ఒకటి తీసుకుంటే మూడు రెట్లు. దూరం నుంచి వేస్తారు కాబట్టి తిరిగి దెబ్బ తగిలే భయం లేదు. బాణం గుచ్చుకున్న బందిపోటు కాసేపు అటూ ఇటూ వెతికి, ఏమీ లేదులే అనుకుని మళ్ళీ తన చోటికి వెళ్ళి నిలబడతాడు. పక్కన తోటివాడి శవం పడి ఉన్నా సరే. ఆ దారిలో లాభం ఎక్కువ, ప్రమాదం సున్నా. ఎవరూ బలవంతపెట్టకపోయినా కాళ్ళు అటే పోతాయి. మాంత్రికుడి దారి చూడండి. ఫైర్‌బోల్ట్ అనే నిప్పు మంత్రం డ్యామేజ్ 25. రెండు పర్కులు తీసుకుంటే దానికి సగం కలుస్తుంది. డిస్ట్రక్షన్ అనే దాడి మంత్రాల నైపుణ్యం వందకి చేరినా మంత్రం ఖర్చు తగ్గుతుందే తప్ప దెబ్బ పెరగదు. అదే కత్తివాడైతే నైపుణ్యంతో పెంచుకుంటాడు, కొలిమిలో పదును పెట్టుకుంటాడు, మంత్రం పట్టించుకుంటాడు. మాంత్రికుణ్ణి చివరి లెవెల్స్‌లో కాపాడేది ఇంపాక్ట్ అనే పర్క్. రెండు చేతులా కలిపి కొడితే ఎదుటివాడు తూలిపోతాడు, డ్రాగన్ కూడా తూలుతుంది. లేచేలోగా మళ్ళీ కొట్టడమే. బలహీనతని బాగు చేయాల్సిన చోట దాని మీద ఇంకో బలమైన అతుకు వేశారు. పోరాటం బతికిందిగానీ, అందులో ఆట మిగల్లేదు.

స్కైరిమ్‌లో నాకు ఎంతో నచ్చిన విషయం కూడా చెప్పాలి. ఆబ్లివియన్ తప్పుల్ని వాళ్ళు ఊరికే వదిలేయలేదు. గుణాల లెక్క మొత్తం తీసేశారు, లెవెల్ పెరిగితే హెల్త్, మ్యాజికా అనే మంత్రశక్తి, స్టామినా అనే దమ్ము, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకుంటే చాలు. ప్రాంతాలకి కనీస లెవెల్స్ పెట్టారు. వైట్‌రన్ అనే ఊరికి మొదటిసారి నడిచి వెళ్తుంటే, ఊరి బయట పొలంలో కొందరు వీరులు ఒక జెయింట్‌తో పోరాడుతూ కనిపిస్తారు. కనీసం అక్కడ మీకు తోడున్నారు. కొంచెం ముందుకెళ్ళి గడ్డి మైదానంలో మామత్‌ల మంద పక్కన జెయింట్ల మకాం చూసి, ధైర్యం చేసి బాణం వేశారనుకోండి. జెయింట్ తీరిగ్గా నడిచొచ్చి దుంగ ఎత్తి ఒక్కటిస్తే మీరు ఆకాశంలోకి ఎగిరిపోతారు. అక్షరాలా ఎగిరిపోతారు. ఆ జెయింట్ లెవెల్ 32. మీరు ఎవరైనా, ఎంతైనా, దాని లెవెల్ మారదు. ఆరోజు పారిపోయినవాడు రెండు వారాల తర్వాత మంచి కవచంతో వచ్చి అదే జెయింట్‌ని పడగొడితే, తాను ఎదిగానని ఏ అంకే చెప్పక్కర్లేదు. జర్మనీవాళ్ళు 2001లో తీసిన 'గోథిక్' మొత్తం ఇలాగే ఉంటుంది. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్'లో కూడా, బయటి ప్రపంచంలోకి అడుగు పెట్టగానే గుర్రం మీద బంగారు కవచంతో ట్రీ సెంటినెల్ తిరుగుతుంటాడు. చాలామంది ఓడిపోతారు, పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోతారు, తర్వాత తిరిగొస్తారు. తప్పుకుని వెళ్ళడం కూడా పోరాటంలో ఒక నిర్ణయమే, ఆ నిర్ణయం తీసుకునే అవకాశాన్ని ఆటగాడికి మిగల్చాలి.

ఆబ్లివియన్‌ని ఆటగాళ్ళే బాగుచేసుకున్న కథ మరిచిపోకూడదు. గేము వచ్చిన కొద్ది కాలానికే మాడ్‌లు, అంటే ఆటగాళ్ళు స్వయంగా గేములో చేసే మార్పులు, తీశారు. వాటిలో 'ఆస్కురోస్ ఆబ్లివియన్ ఓవర్‌హాల్' పేరు చాలామందికి తెలుసు. అది చేసిన పనుల్లో ముఖ్యమైనది, ప్రపంచంలో చాలా భాగాన్ని ఆటగాడి లెవెల్ నుంచి విడదీయడం. కొన్ని గుహలు మొదట్నుంచీ ప్రమాదమే, కొన్ని ఎప్పటికీ తేలికే. మంచి కవచం అరుదైపోయింది. జీతం తీసుకోకుండా, ఇష్టంతో, రాత్రులు కూర్చుని ఈ పని చేసినవాళ్ళంటే నాకు అపారమైన గౌరవం. బ్యాలెన్స్ నేర్చుకోవాలంటే మీరు ఒక మాడ్ తెరిచి, అసలు గేముకీ దానికీ అంకెల్లో ఏం మారిందో వరసగా చూడండి. దాన్ని మించిన పాఠ్యపుస్తకం నాకు తెలీదు.

2025 ఏప్రిల్ 22న ఆబ్లివియన్ రీమాస్టర్, అంటే పాత గేముకే కొత్త మెరుగులు దిద్దిన రూపం, వచ్చింది. బెథెస్డాతో కలిసి వర్చువోస్ సంస్థ తయారుచేసింది. ఈసారి గీతలు గీసుకునే బాధ తీసేశారు. లెవెల్ పెరిగినప్పుడల్లా పన్నెండు పాయింట్లు ఇస్తారు, మీకు నచ్చిన గుణాల్లో పంచుకోవచ్చు. మేజర్ కాని నైపుణ్యాలు కూడా లెవెల్‌కి లెక్కకొస్తాయి. పీత ముందు నిలబడే అవసరం పోయింది, చాలా సంతోషం. కానీ లెవెల్ స్కేలింగ్ పునాది అలాగే ఉంది. స్లైడర్ బదులు ఐదు మెట్లు పెట్టారు. అందులో అడెప్ట్ మరీ తేలిక, దాని పై మెట్టు ఎక్స్‌పర్ట్ మరీ కఠినం అని మొదటి వారంలోనే గోల మొదలైంది. తర్వాత అప్‌డేట్‌లో ఆ రెంటి మధ్య ఇంకో మెట్టు చేర్చాల్సొచ్చింది. దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా అదే చోట నొప్పి! అంకెని గుణించి కష్టం పుట్టించాలని చూసినంతకాలం ఎన్ని మెట్లు చేర్చినా ఎవరో ఒకరికి మధ్యలో ఖాళీ కనబడుతూనే ఉంటుంది.

మధ్యాహ్నం మీరు మీ మీ గేములు తెరిచి కూర్చుంటారు కాబట్టి, వాటిమీద ఒక పరీక్ష పెడదాం. మీ గేములో పదిహేనో లెవెల్ పాత్రలు మూడు తయారుచేయండి. ఒకటి పక్కా కత్తివాడు. రెండోది మాంత్రికుడు. మూడోది పోరాటం తప్ప మిగతావన్నీ నేర్చినవాడు, మన మాటకారి లాంటివాడు. ముగ్గుర్నీ ఒకే గుహలోకి, అదే శత్రువు మీదికి పంపండి. ఎవరు గెలిచారన్నది రాయొద్దు. పోరాటం ఎంతసేపు పట్టింది, అందులో ఆటగాడు ఎన్నిసార్లు తన ఎత్తుగడ మార్చుకున్నాడు, ఈ రెండే రాయండి. మూడోవాడు కత్తితో ఓడిపోతే ఫరవాలేదు. మాటతోనో, తాళంతోనో, పక్కదారి నుంచో అతనికి బయటపడే మార్గం ఉందా లేదా చూడండి. అదే పాత్రల్ని ఐదో లెవెల్‌కి దించి మళ్ళీ పంపండి. రెండుసార్లూ పట్టిన సమయం ఒకేలా ఉంటే, మీ శత్రువు ఆటగాడితో పాటు సాగుతున్నాడని అర్థం. నేను వెనక బల్ల దగ్గర కూర్చుంటాను, కాగితాలు అక్కడికి తీసుకురండి.